చెక్క మీద తెలుగు అక్షరాలు: సీఎన్‌సీకి ఏ కంప్యూటర్, ఏ సాఫ్ట్‌వేర్?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ పొందాను. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కను చెక్కే యంత్రం) పెట్టుకున్నాను. రెండడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు ఉన్న పలక వరకు చెక్కగలదు. జీఆర్‌బీఎల్ కంట్రోలర్ బోర్డుతో నడుస్తుంది. టేకు పలకల మీద తెలుగులో పేర్లు, చెయ్యి తిరిగాక దేవుడి బొమ్మలు చెక్కాలని కోరిక. మా అబ్బాయి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనమంటున్నాడు. యంత్రం అమర్చిన కుర్రవాడు ఆర్ట్‌క్యామ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నాడు. ఇంట్లో పదేళ్లనాటి డెస్క్‌టాప్ ఒకటి ఉంది. ఏది కొనాలి? ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

జవాబు: ముందుగా మీ డెస్క్‌టాప్‌ను పారేయకండి. యంత్రాన్ని నడిపే పనికి అది చాలు. జీఆర్‌బీఎల్ బోర్డు ఉన్నప్పుడు మోటార్లకు అందవలసిన విద్యుత్ స్పందనలను (పల్స్‌లను) లెక్కగట్టేది బోర్డు మీది చిప్పే గాని కంప్యూటర్ కాదు. కంప్యూటర్ జీకోడ్‌ను, అంటే యంత్రం ఎలా కదలాలో చెప్పే ఆదేశాలను, వరుస వెంట వరుస యూఎస్‌బీ తీగ ద్వారా అందిస్తుంది, అంతే. యూనివర్సల్ జీకోడ్ సెండర్, క్యాండిల్ వంటి ఉచిత ప్రోగ్రాములు నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద కూడా ఇబ్బంది లేకుండా నడుస్తాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఆ డెస్క్‌టాప్‌లో అదే ఉంటే దాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా షెడ్డుకే పరిమితం చేసి, ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. నిద్రావస్థలోకి వెళ్లే సెట్టింగులను, యూఎస్‌బీకి విద్యుత్తు ఆదా చేసే సెట్టింగును తప్పక ఆపివేయండి. మూడు గంటల పని మధ్యలో కంప్యూటర్ నిద్రపోయి పలక పాడైతే కలిగే బాధ అనుభవించిన వారికే తెలుస్తుంది.

ఇక డిజైన్ చేసే కంప్యూటర్ ఇంట్లోనే, షెడ్డుకు దూరంగా ఉండాలి. మన వేసవిలో రేకుల కింద వేడికి తోడు చెక్క పొడి ల్యాప్‌టాప్ ఫ్యాన్లలో పేరుకుంటే కొత్తదైనా ఎక్కువ కాలం నిలవదు. అయితే ఆ కంప్యూటర్ ఎంత బలమైనది కావాలన్నది మీరు చెక్కబోయే పనిని బట్టి, దానికి వాడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి తేలుతుంది. పేరు పలకలకు ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు కంప్యూటర్ సరిపోతుంది. దేవుడి బొమ్మల వంటి ఉబ్బెత్తు పనికి లక్షల త్రిభుజాలున్న నమూనాను తిప్పి చూడాలి, టూల్‌పాత్ (చెక్కే బిట్ వెళ్లవలసిన దారి) లెక్కించాలి; అప్పుడు పదహారు జీబీ ర్యామ్, వేగవంతమైన ప్రాసెసర్ అవసరమవుతాయి. ఈ లెక్కల్లో చాలా భాగం ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద నడుస్తుంది కనుక కోర్ల సంఖ్య కంటే ఒక్కొక్క కోర్ వేగమే ముఖ్యం. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో డబ్బు ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది. మీ పనికి అంతటి కార్డు అక్కరలేదు. ఆ మొత్తంతో పెద్ద తెర, మంచి స్పిండిల్ బిట్లు (చెక్కను కోసే ముక్కులు) కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ విషయంలో మీకు ఎదురయ్యే అసలు చిక్కు తెలుగు లిపి. ఒత్తులు, గుణింతాలు సరైన చోట కుదరాలంటే ప్రోగ్రాము లిపి నియమాలను అర్థం చేసుకోవాలి. చాలా క్యాడ్ ప్రోగ్రాముల్లోని అక్షరాల పనిముట్టు ఆ పని చేయదు. 'లక్ష్మి' అని టైపు చేస్తే క, ష పొల్లులతో విడిపోయి, మి వేరుగా కనబడుతుంది. అందువల్ల పేరును ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటుతో రాయండి. అది ఉచితం, తెలుగును సక్రమంగా కూరుస్తుంది. రామభద్ర వంటి మందమైన ఫాంటు చెక్కడానికి అనువు. సన్నని గీతలున్న ఫాంటులో బిట్ మునిగే లోతే ఉండదు. తర్వాత పాత్ మెనూలో అక్షరాలను పాత్‌గా (గీతలుగా) మార్చి, ఒకదానిపై ఒకటి పడిన గీతలన్నీ కలిసిపోయేలా యూనియన్ చేయండి. ఈ రెండో అడుగు మరిచిపోతే అక్షరం లోపల అక్కరలేని గాడి పడుతుంది. విజయవాడ, గుంటూరు డీటీపీ కేంద్రాల నుంచి డిజైన్ తెచ్చుకుంటే, 'అను' అనే డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైలును ఆ కేంద్రంలోనే కర్వ్‌లుగా మార్పించుకోండి. ఆ ఫాంటు లేని మీ కంప్యూటర్‌లో అది అర్థం లేని గుర్తులుగానే తెరుచుకుంటుంది.

ఇలా తయారైన డిజైన్‌ను ఎస్‌వీజీ లేదా డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా టూల్‌పాత్ ప్రోగ్రాములోకి తీసుకున్నాక, మొదట పొడవు కొలిచి చూడండి. మిల్లీమీటర్లు అంగుళాలుగా మారితే పలక 25.4 రెట్లు పెరిగి కనిపిస్తుంది. వీ-బిట్‌తో (వీ ఆకారపు మొన ఉన్న బిట్‌తో) చెక్కే పనికి ఫ్రీక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. 2024 నవంబరులో వచ్చిన దాని 1.0 రూపంలో ఈ భాగానికి క్యామ్ అని పేరు. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, కానీ మీకు సమయం ఉంది కాబట్టి నేను ముందుగా దీన్నే సూచిస్తాను. డబ్బు పెట్టగలిగితే వీకార్వ్ డెస్క్‌టాప్ అనే ప్రోగ్రాము ఎంతో సులభం; ఒకసారి కొంటే మీదే, 25 అంగుళాల చదరపు పరిమితిలో మీ యంత్రం ఇముడుతుంది. ట్రయల్ కాపీలో డిజైన్ అంతా చేసి చూడవచ్చు గాని సొంత పనికి సంబంధించిన టూల్‌పాత్‌ను సేవ్ చేయనివ్వదు. ఆటోడెస్క్ ఫ్యూజన్ వ్యక్తిగత ఉపయోగానికి ఉచితమే అయినా, సవరించగల ఫైళ్లు ఒకేసారి పదికి మించకూడదు, బిట్ చెక్కకు తగలకుండా గాలిలో చేసే కదలికలు కూడా కోత వేగానికే పరిమితమవుతాయి. పేరు పలకలకు ఆ దారి అవసరం లేదు.

ఆర్ట్‌క్యామ్ విషయంలో నా మాట కచ్చితం: తీసుకోవద్దు. ఆటోడెస్క్ 2018లో దాన్ని నిలిపివేసింది. నేడు పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారేవి దాదాపు అన్నీ లైసెన్సు లేని ప్రతులే, వాటితోపాటు వైరస్‌లూ రావచ్చు. అదే మూలం నుంచి వచ్చిన కార్వెకోను ఉబ్బెత్తు పనికి సిద్ధమైనప్పుడు పరిశీలించండి.

మరొక్క సంగతి అడగకపోయినా చెప్పాలి. కరెంటు పోతే మీ స్టెప్పర్ మోటార్లు ఆగిపోతాయి, కానీ యూపీఎస్ మీద ఉన్న కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ ద్వారా విద్యుత్తు అందుకునే బోర్డు ఆగదు. ఎదురుగా యంత్రం నిలిచిపోయినా బోర్డు మోటారు అడుగులను (స్టెప్‌లను) లెక్కపెడుతూనే ఉంటుంది. కరెంటు రాగానే పని కొనసాగిస్తే బిట్ తప్పుచోట దిగుతుంది. పని ఆపి, హోమింగ్ చేసి (యంత్రాన్ని దాని మొదటి స్థానానికి చేర్చి), పలక మూల నుంచి కొలత సరిచూసుకున్నాకే మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: మేము విజయవాడలో పాలిటెక్నిక్ విద్యార్థులం. ఆటోనగర్‌లో పాత రౌటర్ కొన్నాం. అది మాక్‌3 అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్‌తో, ప్యారలల్ పోర్టు ద్వారా నడిచేది. దాని కంప్యూటర్ పాడైంది. కొత్త ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ-ప్యారలల్ తీగ కలిపి నడపవచ్చా?

జవాబు: కుదరదు. ఆ తీగలు ప్రింటర్ల కోసం తయారైనవి. మోటారుకు కావలసిన కచ్చితమైన కాలవ్యవధితో స్పందనలను అవి అందించలేవు. పైగా ప్యారలల్ పోర్టు కోసం మాక్‌3 వాడే డ్రైవర్ 32 బిట్ విండోస్‌లోనే పనిచేస్తుంది. ప్యారలల్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ సంపాదించి, ఉచితంగా దొరికే లినక్స్‌సీఎన్‌సీ అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్ వేయండి. ముందు దానిలోని లేటెన్సీ (ఆలస్యం) పరీక్షను, వీడియోలు, బ్రౌజర్ తెరిచి ఉంచి కొంతసేపు నడపండి. జిట్టర్ (ఆ ఆలస్యంలో వచ్చే హెచ్చుతగ్గు) 20 మైక్రోసెకన్ల లోపు ఉంటే ఆ డెస్క్‌టాప్ మీకు చక్కగా పనికొస్తుంది. అంతకంటే చాలా ఎక్కువగా ఉంటే మరో డెస్క్‌టాప్ చూడండి, లేదా బ్రేకౌట్ బోర్డు (ప్యారలల్ పోర్టును మోటార్లకు కలిపే బోర్డు) స్థానంలో, స్పందనలను తానే లెక్కగట్టే యూఎస్‌బీ లేదా ఈథర్‌నెట్ మోషన్ కంట్రోలర్ పెట్టించండి. అప్పుడు మీ ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది.