అరకు, లంబసింగి యాత్ర: బండి ఖర్చు తగ్గించండి, తిండికి పెట్టండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి వచ్చేది నెలకు 68 వేలు. ఇంటి అప్పు ఈఎంఐ 19,500. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 1.2 లక్షలు ఉన్నాయి. జనవరిలో బోనస్ 40 వేలు వస్తుంది. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం క్రిస్మస్ సెలవుల్లో అరకు, పాడేరు, లంబసింగి చూడాలనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు 5 రోజులకు 17 ప్రదేశాలు, ఉదయం టిఫిన్‌తో కలిపి 66 వేలు అడిగారు. 12 నెలల 'వడ్డీ లేని' ఈఎంఐలో అయితే 72 వేలట. టోకెన్‌గా 2 వేలు ఇచ్చాను. విడిగా బండి మాట్లాడుకుంటే కిలోమీటరుకు 16 రూపాయలు, రోజుకు కనీసం 250 కి.మీ. లెక్క, డ్రైవర్ బత్తా 500 అన్నారు. అమ్మ మాంసం తినదు, నాన్నకు మోకాళ్ల నొప్పి. విశాఖలో మా చెల్లెలి ఇల్లుంది. ఈఎంఐలో వెళ్లొచ్చా? ఎక్కడ తినాలి, ఏం చూడాలి, ఎంత పెట్టుకోవాలి?

జవాబు: అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఒకే బండిలో కూర్చోబెట్టి మన్యం చూపించాలన్న మీ కోరిక చాలా మంచిది. ఇంటి అప్పు ఉందని దాన్ని వాయిదా వేయమని చెప్పను. నాన్నగారి మోకాళ్లు ఈ ఏడాది ఉన్నట్టు మూడేళ్ల తర్వాత ఉండవు. కాకపోతే ఈఎంఐ వద్దు, ఆ 17 ప్రదేశాలూ వద్దు.

ముందు ఈఎంఐ సంగతి. ఇప్పుడు కడితే 66, వాయిదాల్లో అయితే 72 అన్నారంటే వడ్డీ ఉన్నట్టే కదా. 66 వేల అప్పును నెలకు 6 వేల చొప్పున 12 నెలలు తీరిస్తే, అది ఏడాదికి 16 శాతం పైచిలుకు వడ్డీ. ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్‌టీ ఉంటే అవి అదనం. ఇంతకంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. 19,500కు ఈ 6 వేలు తోడైతే మీ జీతంలో 37 శాతం అప్పులకే పోతుంది. ఆ 12 నెలల మధ్యలోనే జూన్ వస్తుంది, ఇద్దరు పిల్లల ఫీజులూ అప్పుడే. ఎప్పుడో డిసెంబరులో తిరిగొచ్చిన యాత్రకు జూన్‌లో వాయిదా కట్టడం ఎంత భారంగా ఉంటుందో ఆలోచించండి. ఇక ఫిక్స్‌డ్ డిపాజిట్ 1.2 లక్షలంటే మీ ఇంటికి రెండు నెలల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. దాన్ని తాకనే వద్దు.

అందుకని తేదీ మార్చండి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా లంబసింగిలో గదుల రేట్లు మామూలు రోజుల్లా ఉండవు. జనవరి 26 కలిసొచ్చే సెలవుల్లోనూ అంతే. ఫిబ్రవరి మొదటి వారంలో వెళ్లండి. బోనస్ చేతికొచ్చి ఉంటుంది, గదుల ధరలు దిగి ఉంటాయి, తెల్లవారుజామున చలి, మంచు ఇంకా ఉంటాయి. అరకు పొలాల్లో పసుపు పచ్చని వలిసె పూలు మాత్రం అప్పటికి ఉండవు, అవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. స్ట్రాబెర్రీ తోటలు ఉంటాయి కాబట్టి పిల్లలకు ఆ లోటు తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. మన్యం యాత్రలో డబ్బంతా చక్రాల కింద పోతుంది. కనీసం 250 కి.మీ. లెక్క అంటే మీరు అరకులో రోజంతా 30 కి.మీ. తిరిగినా 4 వేలు, బత్తా 500 కట్టాల్సిందే. బండిని నాలుగు రోజులు వెంట ఉంచుకుంటే 18 వేలు అవుతుంది. అదే పైకి రైల్లో వెళ్లి, అరకులో ఆటోనో జీపో మాట్లాడుకుని, కొండ దిగే రెండు రోజులకే విశాఖ బండిని రప్పించుకుంటే 9 వేలతో సరిపోతుంది. అది అరకు వచ్చి, పాడేరు మీదుగా లంబసింగి చేరి, నర్సీపట్నం వైపు దిగి విశాఖ వెళ్లడానికి ఆ రెండు రోజుల 500 కి.మీ. ధారాళంగా సరిపోతాయి.

గురువారం సాయంత్రం బయలుదేరి రాత్రికి మీ చెల్లెలి ఇంట్లో ఉండండి. శుక్రవారం ఉదయం కిరండూల్ రైలు విశాఖలో 7 గంటల లోపే కదిలి, 11 ప్రాంతంలో అరకు చేరుతుంది. అద్దాల బోగీ టికెట్ మామూలు సీటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. నా మాట వింటే మామూలు బోగీలో కిటికీ పక్క సీట్లు తీసుకోండి. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీలో పిల్లలంతా కలిసి పెట్టే కేకలు, కిటికీలోంచి తగిలే కొండగాలి మామూలు బోగీలోనే ఉంటాయి. అక్కడ మిగిలే మూడు వేలు రెండు పూటల భోజనం.

శుక్రవారమే ఎందుకంటే అరకులో వారపు సంత ఆ రోజే. బయలుదేరే ముందు మీరు దిగే బసవాళ్లను అడిగి ఖాయం చేసుకోండి. చుట్టుపక్కల ఊళ్ల గిరిజనులు రాజ్మా, పసుపు, మిరియాలు, పిప్పళ్లు, చింతపండు, చీపుళ్లు తెచ్చి అమ్ముతారు. ఇంటికి కావలసిన సరుకు అక్కడే కొనండి. ఒక్క మనవి: నెత్తిన గంప పెట్టుకుని కొండ దిగి వచ్చిన ఆమె దగ్గర కిలో రాజ్మాకు పది రూపాయల బేరం ఆడొద్దు. మీ పది రూపాయల పొదుపు ఇంకెక్కడైనా దొరుకుతుంది. తేనె, కాఫీ పొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందుకే రోడ్డు పక్క ప్రతి పొట్లం మీదా 'అరకు' అనే రాస్తున్నారు. పొట్లం తిప్పి చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతమో చదివి కొనండి. సగం చికోరీ ఉన్న పొడికి అసలు కాఫీ ధర పెట్టడం డబ్బు పారేసుకోవడమే.

తిండికి రోజుకు 2,500 పెట్టుకోండి, పిసినారితనం వద్దు. ప్యాకేజీలో టిఫిన్ మాత్రమే ఇస్తారు, మిగతా పూటలు బండి ఎక్కడ ఆపితే అక్కడ తినాలి. అరకు వెళ్లి విశాఖలో దొరికే ఫ్రైడ్ రైస్ తిని రావడం నాకు బాధగా ఉంటుంది. బొంగు చికెన్ అరకు, అనంతగిరి, చాపరాయి దగ్గర రోడ్డు పక్కనే చేస్తారు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద అటూ ఇటూ తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. వెదురులో ఉన్న తేమకే ముక్క ఉడికిపోతుంది, బొంగు చీల్చగానే వచ్చే ఆ వాసన కోసమే జనం నిలబడతారు. రెండు జాగ్రత్తలు. కోడిమాంసం మీ ఎదుటే తూకం వేయించి, కిలోకు ఎంతో ముందే మాట్లాడుకోండి. 'ఒక బొంగు ఇంత' అంటే అందులో ఎంత ఉందో మీకు తెలియదు. వెదురు పచ్చగా ఉందో లేదో చూడండి, ఒకసారి కాలి నల్లబడిన బొంగయితే వద్దనండి. కాలడానికి ముప్పావు గంట దాకా పడుతుంది కాబట్టి చాపరాయి చూడబోయే ముందే చెప్పి వెళ్తే, తిరిగొచ్చేసరికి వేడిగా ఉంటుంది.

అమ్మగారి కోసం గది మాట్లాడేటప్పుడే శాకాహారం సంగతి చెప్పండి. ఊళ్లో శాకాహార భోజనం హోటళ్లు ఉన్నా, సాయంత్రం పొద్దుపోతే దొరకడం కష్టం. స్థానికులు నడిపే బసల్లో పొద్దున్న చెబితే సామల అన్నం, రాజ్మా కూర, చోడి అంబలి చేసి పెట్టేవాళ్లు ఉన్నారు. రాత్రి చలిలో అలాంటి వేడి భోజనం పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది, ఖర్చూ తక్కువే.

చూడాల్సినవి కొన్నే పెట్టుకోండి. శుక్రవారం సంత అయ్యాక గిరిజన మ్యూజియం, దగ్గర్లోనే కాఫీ మ్యూజియం. శనివారం జీపులో అనంతగిరి వైపు: గాలికొండ, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. బొర్రా గుహలకు పిల్లల్ని మీరో, మీ ఆవిడో తీసుకెళ్లండి. లోపల మెట్లు చాలా ఉన్నాయి, నాన్నగారిని పైనే నీడలో కూర్చోబెట్టండి. కటికి జలపాతం, వంజంగి మేఘాల కొండ ఈసారి వదిలేయండి. వంజంగి ఎక్కాలంటే పాడేరులో ఇంకో రాత్రి ఉండి, చీకట్లోనే లేచి కొండ నడవాలి. ఇంకో రెండు గదుల అద్దె కట్టి, నాన్నగారు కొండ కింద ఎదురుచూడటం ఎందుకు?

ఆదివారం ఉదయం విశాఖ బండి వస్తుంది. దారిలో చాపరాయి దగ్గర రాతిపలకల మీద పారే నీళ్లలో పిల్లలు ఆడుకుంటారు. నాచు మీద కాలు జారుతుంది, పక్కనే ఉండండి. పాడేరులో మోదకొండమ్మ తల్లి దర్శనం, భోజనం, సాయంత్రానికి లంబసింగి. ఇక్కడ ఒక లాభం ఉంది. శని, ఆదివారాల జనం ఆదివారం మధ్యాహ్నానికే కొండ దిగిపోతారు. మీరు ఆ సాయంత్రం చేరితే గది ధర అడిగి తగ్గించుకోవచ్చు. గుడారాలు చవకే గానీ ఆ చలికి పెద్దవాళ్లకు పనికిరావు, వేడినీళ్లున్న గది తీసుకోండి. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 5 శాతమే. ఎవరైనా పాత 12 శాతం లెక్క వేస్తే బిల్లు చూపించమనండి.

సోమవారం తెల్లవారుజామున మంచు చూశాక తాజంగి జలాశయానికి వెళ్లండి, పది కిలోమీటర్ల లోపే. చుట్టూ కొండలు, మధ్యలో నిశ్చలంగా నీళ్లు, మెట్లెక్కే పని లేదు, నాన్నగారికి నచ్చి తీరుతుంది. లంబసింగి ఉన్నది చింతపల్లి మండలంలో. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం దాడి చేసింది ఆ చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. గట్టు మీద కూర్చుని పిల్లలకు ఆ కథ చెప్పండి, దీనికి టికెట్ లేదు. స్ట్రాబెర్రీలు తోటలోనే కొనండి.

నర్సీపట్నం మీదుగా దిగి, మధ్యాహ్నం నాలుగింటికల్లా కొండకర్ల ఆవ చేరేలా చూసుకోండి. అనకాపల్లికి దగ్గరే. కొల్లేరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మంచినీటి సరస్సు ఇది. ప్యాకేజీల వాళ్లు దీన్ని పట్టించుకోరు, నాకైతే ఈ యాత్ర మొత్తంలో ఇదే ఎక్కువ ఇష్టం. రెండు తాటి మానుల్ని తొలిచి పక్కపక్కన కట్టిన దోనెలో కూర్చోబెట్టి, కలువల మధ్య నుంచి తోసుకెళ్తారు. శీతాకాలం వలస పక్షులు ఉంటాయి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే మాత్రం ఎక్కొద్దు, మొహమాటపడొద్దు. మాడుగుల హల్వా కోసం దారి మళ్లించమని ఇంట్లో అడుగుతారు. వద్దు, ఆ ఊరు ఈ దారిలో రాదు.

ఖర్చు ఉజ్జాయింపుగా చెబుతాను. రాజమహేంద్రవరం నుంచి విశాఖకు ఆరుగురికి రానూపోనూ రైలు రెండున్నర వేలు, కిరండూల్ రైలు వెయ్యి, అరకులో ఆటో, జీపు 4 వేలు, విశాఖ బండి 9 వేలు, రెండేసి గదులు మూడు రాత్రులకు 13 వేలు, తిండి 10 వేలు, టికెట్లు, దోనె రెండున్నర వేలు, సంతలో సరుకులు 3 వేలు, చేతిలో అదనంగా 4 వేలు. మొత్తం 49 వేలు. ప్యాకేజీ కంటే ఒక రోజు తక్కువ, నిజమే. కానీ అక్కడ 66 వేల మీద భోజనాలు ఇంకా మీవే.

ఇందులో 25 వేలు బోనస్ నుంచి తీయండి, మిగతా 15 వేలు ఇంటి అప్పు అసలుకు జమ చేయండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలనెలా జీతం పడగానే 6 వేలు వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చండి. నాలుగు నెలలకు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కుదరదు, బ్యాంకులు సాధారణంగా 6 నెలల కంటే తక్కువకు ఇవ్వవు. షేర్లు, ఫండ్ల జోలికి అసలే వెళ్లొద్దు.

మీ జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే రైలు టికెట్లు దాచుకోండి. మినహాయింపు ప్రయాణ ఛార్జీకే, గదులకు, తిండికి రాదు. టికెట్ తీసుకునేటప్పుడు రైల్వే ప్రయాణ బీమా గడి టిక్ చేయండి, మనిషికి రూపాయి కూడా కాదు. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, యూపీఐని నమ్ముకోకుండా చిన్న నోట్లు వెంట ఉంచుకోండి. గదులకు ముందుగా పావు వంతు కంటే ఎక్కువ పంపొద్దు.

టోకెన్ ఇచ్చిన 2 వేలు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, రెండు వేలు పోతాయని 72 వేల అప్పు నెత్తిన పెట్టుకోవద్దు. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. అంటే మీ టికెట్లు డిసెంబరు మొదటి వారంలో చేయించాలి, కిరండూల్ రైలుకు దాని మర్నాడు.