పాత ఫియట్ స్టీరింగ్ రీబిల్డ్‌లో మోసం: మళ్లీ విప్పే ముందు ఇది చదవండి

సందేహం: మాది చెన్నై, వేపేరి. నాన్నగారి 1968 మోడల్ ఫియట్ 1100 ఉంది. స్టీరింగ్ బాక్స్, డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి చక్రాల వైపు కదలికను అందించే చేయి), టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే కడ్డీల చివరి జాయింట్లు) అన్నీ కొత్తవి వేస్తానంటే పుదుపేటలో ఒక మెకానిక్‌కి ఇచ్చి జీపేలో 60 వేలు కట్టాను. స్టీరింగ్‌లో ప్లే (వదులు) అలాగే ఉంది. ఇంకో మెకానిక్ చూసి, డ్రాప్ ఆర్మ్‌కి వెల్డింగ్ పెట్టి రంగు కొట్టారన్నాడు. మొదటాయన ఒప్పుకోడు, ఇంకో 15 వేలు ఇస్తే తప్ప విప్పిన మా పాత బాక్స్ ఇవ్వనంటున్నాడు. బిల్లు లేదు, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి. కేసు వేయొచ్చా? బాక్స్ మారితే ఆర్‌సీకి ఇబ్బందా?

సమాధానం: కేసు వేయొచ్చండి. ముందు మాత్రం దయచేసి ఆ బండి రోడ్డెక్కించకండి, పక్క వీధి దాకా కూడా వద్దు. డ్రాప్ ఆర్మ్ విరిగితే మీరు ఎంత తిప్పినా చక్రాలు తిరగవు. పైగా లోపం ఉందని మీకు ఇప్పుడు తెలుసు, తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 మీ మీదకే వస్తుంది, మెకానిక్ మీద నెట్టేస్తే కుదరదు.

రెండో మెకానిక్‌తో ఇప్పుడే బాగు చేయించకండి. మీ కేసంతా ఆ వెల్డింగ్ మీదే నిలబడి ఉంది, ఆ ముక్క మార్చేస్తే ఇక మిగిలేది మీ మాట, ఆయన మాట. ఫోటోలు, వీడియో తీయండి, ఒక ఆటోమొబైల్ ఇంజినీరుతోనో లైసెన్స్ ఉన్న ఇన్సూరెన్స్ సర్వేయరుతోనో తనిఖీ చేయించి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. తనిఖీ రోజు, టైము మొదటి మెకానిక్‌కి ముందే మెసేజ్ పెట్టి రమ్మనండి, రాకపోయినా పిలిచినట్టు రుజువు ఉంటుంది. స్టీరింగ్ దగ్గర ప్లే ఎన్ని డిగ్రీలుందో కొలిచి రాయమనండి, ఎందుకంటే 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ రూల్ 30 డిగ్రీలకు మించకూడదంటుంది.

బిల్లు లేదని టెన్షన్ పడకండి. జీపే రికార్డు, 'అన్నీ కొత్తవే' అన్న మెసేజ్ చాలు, మెసేజ్‌ల ప్రింటుతో పాటు ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి. నోటీసు ఇచ్చి, దారికి రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ఒక్క సంగతి నిజాయితీగా చెప్పండి: బండిని పెళ్లిళ్లకో షూటింగులకో అద్దెకిస్తున్నారా? ఇస్తుంటే అవతలి వాళ్లు 'ఇది వాణిజ్య అవసరం, మీరు వినియోగదారు కారు' అని ఫిర్యాదునే కొట్టేయమంటారు, అప్పుడు సివిల్ కోర్టు దారి చూడాలి.

పాత బాక్స్ విషయంలో ఆయన వాదనకు బలం లేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం పనివాడు కూలి కోసం వస్తువు ఆపుకోవచ్చు, కానీ తాను పని చేసిన వస్తువునే, అదీ ఒప్పుకున్న ప్రకారం చేసి ఉంటేనే. విప్పి పక్కన పెట్టిన మీ బాక్స్ మీద ఆయన చేసిన పనేమీ లేదు. ఆ కాలం నాటి అసలు బాక్స్ మళ్లీ దొరకడం కష్టం, అందుకే నోటీసులో దాన్ని డబ్బుతో కలపకుండా విడిగా అడగండి.

ఆర్‌సీకి ఇబ్బంది లేదు, అదే మోడల్ బాక్స్ వేస్తే అందులోని వివరాలేవీ మారవు. పవర్ స్టీరింగ్ పెడదామని ఛాసిస్ కోయడానికి మాత్రం ఒప్పుకోకండి. బండిలో మార్పుల మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చిక్కు అటుంచి, 50 ఏళ్లు దాటిన మీ బండికి 2021 నిబంధనల కింద 'వీఏ' అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకునే అవకాశం ఉంది, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో ఏది మార్చినా అది పోతుంది.