మౌంట్ చేసే హక్కు లేనప్పుడు డిస్క్ ఇమేజ్ నుంచి ఫైళ్లను తీసుకోవడం

ప్రశ్న: పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా భద్రపరచుకున్నాను. ఇప్పుడు వాడుతున్న లినక్స్ కంప్యూటర్‌లో నాకు సాధారణ యూజర్ ఖాతా మాత్రమే ఉంది. దాన్ని మౌంట్ చేయబోతే, అంటే అందులోని ఫైళ్లు మామూలు ఫోల్డర్‌లా కనిపించేలా సిస్టమ్‌కు జోడించబోతే, రూట్ (నిర్వాహకుడి) హక్కులు కావాలంటోంది. నా ఫైళ్లను బయటికి తీసే మార్గం ఉందా? అలా తీయడం నిబంధనలను తప్పించుకోవడం అవుతుందా?

జవాబు: మార్గం ఉంది, అది దొడ్డిదారి కూడా కాదు. ఇమేజ్ ఎంత పెద్దదైనా సిస్టమ్ దృష్టిలో మామూలు ఫైలే కనుక, దాన్ని చదివే అనుమతి మీ ఖాతాకు ఉంటే అందులోని ప్రతి బైటునూ మీరు చదవవచ్చు. రూట్ హక్కు అవసరమయ్యేది మౌంట్ చేయడానికే. మౌంట్ చేసినప్పుడు ఇమేజ్‌లోని ఫైల్ సిస్టమ్‌ను (డిస్కులో ఫైళ్లను అమర్చిన తీరును) సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ స్వయంగా చదువుతుంది. దురుద్దేశంతో తయారుచేసిన ఇమేజ్ అయితే కెర్నల్‌లోని ఏదో ఒక లోపాన్ని ఆసరా చేసుకుని సిస్టమ్ మొత్తాన్ని వశం చేసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆ కట్టడి సమంజసమైనదని నా అభిప్రాయం. అదే పనిని ఒక సాధారణ ప్రోగ్రామ్ చేసి, ఫైళ్లను మీ ఫోల్డర్‌లోకి నకలు చేస్తే, మీకున్న హక్కులకు మించి ఏదీ జరగదు. అయితే కొత్త ప్రోగ్రామ్‌లు పెట్టుకోవడంపై అక్కడ నియమాలుంటే వాటిని పాటించండి.

ముందుగా ఇమేజ్‌లో ఏముందో తెలుసుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. డిస్క్ మొత్తానికి తీసిన ఇమేజ్‌లో మొదట ఉండేది పార్టిషన్ పట్టిక, అంటే డిస్కును ఏయే భాగాలుగా (పార్టిషన్లుగా) విభజించారో చెప్పే జాబితా. ఫైల్ సిస్టమ్ ఆ తర్వాతెక్కడో మొదలవుతుంది. ఈ సంగతి గమనించకుండా, ఫైల్ సిస్టమ్ మొదటి బైటు నుంచే ఉంటుందని ఆశించే పరికరానికి ఇమేజ్‌ను అప్పగిస్తే అది దోషం చూపిస్తుంది, దాంతో ఇమేజ్ పాడైపోయిందని మనం నిరాశపడతాం. ఎఫ్‌డిస్క్ (fdisk) కమాండ్‌కు ఎల్ (-l) ఆప్షన్ ఇచ్చి ఇమేజ్ పేరు రాస్తే, రూట్ అవసరం లేకుండానే ప్రతి పార్టిషన్ ఏ సెక్టార్ (డిస్కులోని చిన్న ముక్క) దగ్గర మొదలవుతుందో కనిపిస్తుంది. చాలా డిస్కుల్లో మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర ఉంటుంది. సెక్టార్ పరిమాణం 512 బైట్లయితే, ఫైల్ సిస్టమ్ 10,48,576 బైట్ల తర్వాత మొదలవుతున్నట్టు లెక్క. ఎఫ్‌డిస్క్ దొరకలేదని సందేశం వస్తే ఎస్‌బిన్ (sbin) ఫోల్డర్‌లో చూడండి. కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో సాధారణ యూజర్లకు అది ఉండకపోవచ్చు.

ఆ తర్వాత నేను మొదట సూచించేది సెవెన్ జిప్ అనే ప్రోగ్రామ్. ఐఎస్‌ఓ ఇమేజ్‌లతో పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్, ఎక్స్‌ట్ ఫైల్ సిస్టమ్‌లనూ, వర్చువల్ మెషీన్ల వీఎండీకే, వీడీఐ, వీహెచ్‌డీ ఫైళ్లనూ ఇది తెరుస్తుంది. డిస్క్ ఇమేజ్‌ను తెరిచినప్పుడు పార్టిషన్లే ఫైళ్లుగా కనిపిస్తే, కావలసినదాన్ని బయటికి తీసి మళ్లీ తెరవాలి. అందుకు తగినంత ఖాళీ స్థలం అవసరం.

లినక్స్‌లో తరచూ కనిపించే ఎక్స్‌ట్4 పార్టిషన్‌కు డీబగ్ఎఫ్ఎస్ (debugfs) ప్రోగ్రామ్ ఇంకా నమ్మదగినది. నకలు చేసే డీడీ (dd) కమాండ్‌తో ఆ పార్టిషన్‌ను వేరే ఫైలుగా కత్తిరించి, డీబగ్ఎఫ్ఎస్‌లో తెరిచి, అందులోని ఆర్‌డంప్ (rdump) కమాండ్‌కు కావలసిన ఫోల్డర్ పేరూ గమ్యస్థానమూ ఇస్తే లోపలి ఫోల్డర్లతో సహా నకలు అవుతుంది. ప్రత్యేకంగా కోరితే తప్ప ఇది ఇమేజ్‌లో ఏదీ రాయదు. ఫ్యాట్ అయితే ఎంటూల్స్ (mtools) ప్యాకేజీలోని ఎంకాపీ (mcopy) కమాండ్ చాలు. ఎల్‌వీఎం (పార్టిషన్లను కలిపి కొత్తగా పంచే ఏర్పాటు) వంటి చిక్కుముడులున్న డిస్కులకు లిబ్‌గెస్ట్‌ఎఫ్ఎస్ (libguestfs) ఉంది. అది మీ ఖాతాలోనే చిన్న వర్చువల్ మెషీన్‌ను నడిపి దాని కెర్నల్‌తో ఇమేజ్‌ను చదివిస్తుంది. నెమ్మదిగా నడిచినా పని పూర్తిచేస్తుంది.

ప్రశ్న: ఆర్‌డంప్ నడుస్తుండగా ఫైళ్ల యజమానిని మార్చడానికి అనుమతి లేదన్న సందేశాలు వరుసగా వస్తున్నాయి. ఫైళ్లు సరిగా వచ్చినట్టేనా?

జవాబు: ఆ సందేశాలు ఫైళ్లలోని సమాచారానికి సంబంధించినవి కావు. పాత డిస్కులో ఫైలు ఎవరిదో వారి పేరిటే ఉంచాలని ఆర్‌డంప్ ప్రయత్నిస్తుంది. ఒక ఫైలును మరొకరి పేరిట మార్చే అధికారం రూట్‌కే ఉంది కనుక ఆ ఒక్కటి విఫలమై, ఫైళ్లన్నీ మీ పేరిట చేరతాయి. పత్రాలకూ ఫోటోలకూ దీనివల్ల నష్టం లేదు. ఆ నకలుతో పాత సిస్టమ్‌నే తిరిగి నిలబెట్టాలనుకుంటే మాత్రం అసలు యజమానుల వివరాలు కావలసి ఉంటాయి కాబట్టి, ఇమేజ్‌ను తొలగించకండి.