చిక్కటి ఆయిల్ పోస్తే పాత ఇంజిన్ బాగుపడుతుందా?

ప్రశ్న: మాది 2013 నాటి డిజైర్ డీజిల్ కారు. ఇప్పటికి 1,87,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ మార్పించాక 5,000 కిలోమీటర్లకు సుమారు అర లీటరు తగ్గుతోంది. పొగ లేదు, పికప్ బాగానే ఉంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ-30 వాడమని ఉంది. మెకానిక్ మాత్రం ఇంజిన్ అరిగిందని, మన ఎండలకు పలచటి ఆయిల్ ఆగదని, 20డబ్ల్యూ-50 పోయాలని అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 20డబ్ల్యూ-50 పోయించకండి. మీ కారులో ఉన్నది ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజిన్. మారుతి, టాటా కార్లలోనూ ఎన్నో ఏళ్లు నడిచి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో ఇక్కడి కొత్త కార్ల నుంచి తప్పుకుంది. ఇందులో ఆయిల్ పని రాపిడిని తగ్గించడంతో అయిపోదు. వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది, వాల్వుల దగ్గరి సందును సరిచేసే హైడ్రాలిక్ భాగాలు ఆయిల్‌తోనే నిండుతాయి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఇరుసు సన్నని ఆయిల్ పొర మీదనే తిరుగుతుంది. ఉదయం తాళం తిప్పిన మొదటి క్షణాల్లో వీటన్నిటికీ ఆయిల్ ఎంత త్వరగా అందితే ఇంజిన్ అంత కాలం మన్నుతుంది.

గ్రేడులో డబ్ల్యూ ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద దాని చిక్కదనానికి గుర్తు. ఆ వేడిలో 30 గ్రేడు ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉంటే, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా పెద్దది: 40 డిగ్రీల వద్ద 20డబ్ల్యూ-50 మీ 5డబ్ల్యూ-30 కంటే రెండింతలకు పైగా చిక్కగా ఉంటుంది. ఇక ఎండల మాటకు వస్తే, బయట 45 డిగ్రీలున్నా 15 డిగ్రీలున్నా, కూలింగ్ వ్యవస్థ సరిగా పనిచేస్తున్నంత వరకు థర్మోస్టాట్ కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) సుమారు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతుంది కాబట్టి, మన ఊరి వేసవి ఒక్కటే గ్రేడు మార్చడానికి కారణం కాదు.

మీరు చెప్పిన లెక్క ప్రకారం వెయ్యి కిలోమీటర్లకు 100 మిల్లీలీటర్లు తగ్గుతోంది. ఈ వయసు ఇంజిన్‌కు ఇది కంగారు పడవలసిన కొలత కాదని నా అభిప్రాయం. ముందు ఆ కొలత నిజమో కాదో తేల్చుకోండి. కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, ఆయిల్ కిందికి దిగడానికి ఐదు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ బయటికి లాగి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ చివరిదాకా దించి తీయండి. తడి గీత రెండు గుర్తుల మధ్య ఎక్కడ ఆగిందో, ఆ రోజు మీటరులో ఎన్ని కిలోమీటర్లున్నాయో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. పక్షానికి ఒకసారి చొప్పున రెండు మూడు నెలలు ఇలా రాస్తే, ఇంజిన్ విప్పాలా వద్దా అన్న వాదనకు ఆ పేజీయే జవాబు చెబుతుంది. ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడకండి, డీజిల్ మసి వల్ల కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. పాల రంగులోకి మారినా, మట్టం తగ్గడానికి బదులు పెరుగుతున్నా కారును నడపకుండా చూపించాలి. మొదటిది కూలెంట్, రెండవది డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందన్న సూచన కావచ్చు.

తగ్గిన ఆయిల్ అంతా కాలిపోయిందనుకోవడానికి వీల్లేదు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ అంచు, క్రాంక్ సీల్, డ్రెయిన్ బోల్టు కింది వాషర్, టర్బోకు వెళ్లే గొట్టాలు తుడిపించి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూడమనండి. ఉదయం స్టార్ట్ చేయగానే నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులను, టర్బోను అనుమానించాలి. మీకు పొగే లేదంటున్నారు కాబట్టి, కారుతే సీలు మార్పించి అదే గ్రేడు కొనసాగించండి. వాడకం మరీ పెరిగితే 5డబ్ల్యూ-40కు మారవచ్చు, అదీ పుస్తకం అనుమతిస్తేనే. గ్రేడుతో పాటు పుస్తకం చెప్పిన ఏపీఐ లేదా ఏసీఈఏ ప్రమాణం (ఆయిల్ నాణ్యతకు అమెరికా, యూరప్ సంస్థలు పెట్టిన గుర్తు) కూడా డబ్బా మీద ఉందో లేదో చూడాలి.

మార్చే గడువు 10,000 కిలోమీటర్లని పుస్తకం చెప్పినా, ఇంత తిరిగిన బండికి నేనైతే 7,500కే ఫిల్టరుతో సహా మార్పిస్తాను. గ్రానైట్ క్వారీల దుమ్ములో తిరుగుతున్నట్లయితే ఎయిర్ ఫిల్టర్‌ను ఇంకా తరచుగా చూడాలి, ఎందుకంటే లోపలికి పోయిన సన్నని ధూళి రింగులను గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఆయిల్ బిల్లుతోనే కొనండి, డబ్బా సీలు మీ కళ్ల ముందే విప్పించండి, ఖాళీ డబ్బాను కోయించి మరీ పారేయండి. నకిలీ ఆయిల్ నింపేవారికి కావలసింది ఆ డబ్బాయే.

ప్రశ్న: అమెరికాలో 75,000 మైళ్లు దాటిన కార్లకు ‘హై మైలేజ్’ ఆయిల్ అమ్ముతారు. తెనాలిలో మా నాన్నగారి పెట్రోలు కారుకు అలాంటిది అవసరమా? పదేళ్లలో 24,000 కిలోమీటర్లే తిరిగింది. రెండేళ్లుగా ఆయిల్ మార్చలేదు.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అవసరం లేదమ్మా. అక్కడ ఆ మాటకు ఎక్కువ దూరం తిరిగిన బండి అని అర్థం. మన దగ్గర మైలేజీ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్నది కాబట్టి, మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు పొరపాటు జరగవచ్చు. గట్టిపడిన రబ్బరు సీళ్లను మెత్తబరిచే రసాయనాలు ఆ ఆయిళ్లలో కలుపుతారు. నాన్నగారి కారులో ఆయిల్ కారడం లేకపోతే వాటితో పని లేదు.

ఆ కారుకు అసలు హాని కాలం వల్లనే. బజారు దాకా వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు. అందువల్ల కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఒకసారి మార్పించాలి. ఈ నెలలోనే మార్పించి, తేదీ రాసిన కాగితాన్ని బానెట్ లోపల అంటించమని చెప్పండి. వారానికి ఒకసారి ఎవరినైనా తోడు తీసుకుని గుంటూరు దాకా నడిపి రమ్మనండి.