మిలిటరీని పిలిచే అధికారం ఎవరిది?

ప్రశ్న: 2024 మేలో పోలింగ్ అయ్యాక మా ఊళ్లో గొడవలు జరిగినప్పుడు వీధుల్లో మచ్చల డ్రస్సు వాళ్లు తిరిగారు. మిలిటరీ దిగిందని అందరూ అన్నారు. గొడవ ముదిరితే తహసీల్దారు గారు మిలిటరీని పిలిపించవచ్చా?
– కిరాణా వ్యాపారి, తాడిపత్రి

జవాబు: ఎన్నికలకు వచ్చేవి సైన్యం కాదు, కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. అప్పట్లో కౌంటింగ్ అయ్యాక కూడా 15 రోజులు 25 కంపెనీలను రాష్ట్రంలోనే ఉంచమని ఎన్నికల సంఘం చెప్పింది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ హోం శాఖ కింద, ఆర్మీ రక్షణ శాఖ కింద పనిచేస్తాయి. ఏపీఎస్‌పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్) మన రాష్ట్ర పోలీసే. డ్రస్సు చూసి పోల్చుకోవడం కష్టం, భుజం మీది అక్షరాలు చూడండి.

ఇక పిలిపించే సంగతి. గుంపును చెదరగొట్టడం మొదట పోలీసుల పని. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో (కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు వంటి వారు), స్టేషన్ అధికారో, ఆయన లేకుంటే ఎస్సైకి తగ్గని అధికారో వెళ్లిపొమ్మని ఆదేశించాలి. వినకపోతే పోలీసు బలం వాడాలి. దానితోనూ కాకపోయి, ప్రజల భద్రతకు చెదరగొట్టక తప్పదన్నప్పుడే సాయుధ బలగాల వంతు వస్తుంది. చట్టం ఇక్కడ సాయుధ బలగాలన్నది సైన్యం ఒక్కదాన్నే కాదు, కేంద్ర బలగాలను కూడా.

మీరు చెప్పిన గొడవల నాటికి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 130వ సెక్షన్ అమల్లో ఉంది. అక్కడ హాజరున్న ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లలో పెద్ద హోదా వారు ఆ ఆదేశం ఇవ్వగలిగేవారు. మరెవరూ లేకపోతే తహసీల్దారైనా సరే. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దాని 149వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటైన కలెక్టరుది, లేదా కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుది. ఆదేశం ఇచ్చేవారు ఆ చోట ఉండాలి. కలెక్టరు అధికారం ఇవ్వకుండా తహసీల్దారు తనంతట తాను పిలిపించడం ఇప్పుడు కుదరదు. ఇది మంచి మార్పే.

చెదరగొట్టమని చెప్పేది మేజిస్ట్రేటు. ఎలాగన్నది సైనికాధికారి ఇష్టం. కానీ పనికి సరిపోయినంత తక్కువ బలమే వాడాలి, మనుషులకూ ఆస్తులకూ వీలైనంత తక్కువ నష్టం జరగాలి. మేజిస్ట్రేటు ఎంతకీ దొరక్క, ప్రజలకు ప్రమాదం కళ్లెదుటే కనిపిస్తుంటే, 150వ సెక్షన్ కింద కమిషన్డ్ లేదా గెజిటెడ్ అధికారి సొంతంగా దిగవచ్చు. హవల్దారుకు ఆ అధికారం లేదు. మేజిస్ట్రేటు అందుబాటులోకి రాగానే ఆ అధికారి సంప్రదించి తీరాలి, కొనసాగించాలా ఆపాలా అన్నది ఇక మేజిస్ట్రేటే చెప్పాలి. తర్వాత చిక్కులొచ్చేది ఇక్కడే: ఫోన్‌లో నోటిమాటగా ఇచ్చిన ఆదేశం ఎవరిది, ఎన్ని గంటలకు ఇచ్చారన్నది కోర్టులో తేలదు. అందుకే పేరు, హోదా, సమయం వేసి కాగితం మీద పెట్టాలి.

ప్రశ్న: 2009 అక్టోబరు వరదల్లో కర్నూలుకు సైన్యం వచ్చింది. అలాంటప్పుడు దొంగను జవాను అరెస్టు చేయవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: వరద సహాయానికి వచ్చిన జవానుకు పోలీసు అధికారం రాదు. ఖాళీ ఇంట్లో దొంగతనం తన కళ్లముందే జరిగితే, మనలో ఎవరైనా పట్టుకోగలిగినట్టే ఆయనా పట్టుకోవచ్చు (నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్). ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. ఇళ్లు సోదా చేయడం, మనిషిని కూర్చోబెట్టి విచారించడం ఆయన పని కాదు.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. 2025లో లాస్ ఏంజెలెస్‌లో సైనికులను దింపారు. అక్కడి చట్టం ఒప్పుకుంటుందా?
– రిటైర్డ్ టీచరు, ప్రొద్దుటూరు

జవాబు: 1878 నాటి పాసీ కోమిటాటస్ చట్టం ప్రకారం, రాజ్యాంగమో అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) చట్టమో స్పష్టంగా అనుమతిస్తే తప్ప, సైన్యాన్ని పోలీసు పనికి వాడడం అక్కడ నేరం. రెండేళ్ల దాకా జైలు. గవర్నరు ఆధీనంలో ఉన్న నేషనల్ గార్డుకు (రాష్ట్రాల సైనిక దళం) ఇది వర్తించదు, కేంద్రం తన కిందికి తీసుకుంటే వర్తిస్తుంది. అల్లర్లప్పుడు సైన్యాన్ని దింపే అధికారం అధ్యక్షుడికిచ్చే 1807 నాటి తిరుగుబాటు చట్టం ఒక పెద్ద మినహాయింపు. 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లలో దాన్ని గవర్నరు కోరికపైనే వాడారు. 2025లో దాన్ని వాడలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 2న ఫెడరల్ జడ్జి ఒకరు ప్రభుత్వం 1878 చట్టాన్ని ఉల్లంఘించిందని తీర్పిచ్చారు, దాని మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

ప్రశ్న: బలగాల దెబ్బకు అమాయకుడు గాయపడితే కేసు పెట్టడానికే లేదంటారు. నిజమా?
– ఆటో డ్రైవరు, కడప

జవాబు: నిజం కాదు. నాగరిక్ సురక్షా సంహిత 151వ సెక్షన్ అడ్డుపడేది కోర్టులో ప్రాసిక్యూషన్‌కు. దానికి ముందుగా కేంద్ర బలగాల వారైతే కేంద్రం, రాష్ట్ర పోలీసులైతే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. ఫిర్యాదు ఇవ్వకూడదని ఆ సెక్షన్ ఎక్కడా అనలేదు. బలగాలకు సంపూర్ణ రక్షణ ఏదీ లేదని మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీంకోర్టు 2016లో తేల్చి చెప్పింది.

ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి గాయాలను మెడికో లీగల్ కేసుగా రాయించుకోండి. ఫిర్యాదులో చోటు, సమయం, భుజం మీది అక్షరాలు రాయండి. ‘మిలిటరీ వాళ్లు కొట్టారు’ అని ఊరుకుంటే అనుమతి ఎవరిని అడగాలన్న దగ్గరే కేసు ఆగిపోతుంది. ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా ఇవ్వవచ్చు. తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచుకోండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి. కేంద్ర బలగాల విషయంలో కమిషన్ తానే విచారణ చేయదు, కేంద్రం నుంచి నివేదిక తెప్పించుకుని సిఫారసు మాత్రం చేస్తుంది. అందుకని కమిషన్‌కు రాశాం కదా అని ఎఫ్‌ఐఆర్ వదిలేయకండి.