పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా రాయి

చిరంజీవి అమ్మాయికి,
పెద్దనాన్న ఆశీస్సులు.

వంశవృక్షం రాయబోతున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. గుంటూరు జిల్లా ఫిరంగిపురం వైపు పల్లెల్లో పాటా, హార్మోనియం, క్లారినెట్టు, డోలు తరతరాలుగా నడిచిన ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇళ్లకు మామూలు వంశవృక్షం చాలదమ్మా. రక్తం తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది. పాట మాత్రం ఎక్కువసార్లు మేనమామ నుంచో, బాప్తిస్మంలో బిడ్డకు పూచీ నిలిచిన జ్ఞానతండ్రి నుంచో, జపాలు నేర్పే ఊరి ఉపదేశి నుంచో వస్తుంది. తండ్రి పేరు ఒక్కటే రాసుకుంటూ పోతే పాట వచ్చిన దారి చెరిగిపోతుంది. అందుకని ఒకే కాగితం మీద రెండు రకాల గీతలు గియ్యి. పుట్టుకకు నిండు గీత, నేర్చుకున్నదానికి చుక్కల గీత.

పుస్తకాల జోలికి వెళ్లకముందు ముసలివాళ్ల దగ్గర కూర్చో. ఒక్కొక్కరి దగ్గరికి కనీసం మూడుసార్లు వెళ్లు, వెళ్లిన ప్రతిసారీ ముప్పావు గంట దాటనివ్వకు. ఏ సంవత్సరంలో పుట్టావు అని అడిగితే నోటికొచ్చింది చెబుతారు. ‘లాటిన్ పూజ పోయి తెలుగు పూజ వచ్చేసరికి నీకు పెళ్లయిందా? సాగర్ కాలవకు నీళ్లు వదిలిన ఏడు చంకన ఎవరున్నారు? దివిసీమ ఉప్పెన నాటికి తాత ఉన్నాడా?’ అని అడుగు. సాగర్ నీళ్లు 1967, ఉప్పెన 1977 నవంబరు. వాటికి ముందూ వెనకా లెక్కవేస్తే వయసు రెండు మూడేళ్ల తేడాలో తేలుతుంది. ఇంకో కిటుకు, ముందు పాట పాడించు. పాట అయిపోగానే ‘ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఎవరింటి అరుగు మీద?’ అని అడుగు. నేరుగా అడిగితే గుర్తురాని పేర్లు అప్పుడు వస్తాయి.

తర్వాత గుడి పుస్తకాలు. ఇప్పుడున్న విచారణకే, అంటే ఒక గురువు కింద ఉండే గుడికే వెళ్లి, అక్కడ లేవంటే వెనక్కి వచ్చెయ్యకు. ఇవాళ సొంత విచారణ అయిన ఊరు ఒకప్పుడు మరో విచారణ కింద పల్లె. పాత జ్ఞానస్నాన (బాప్తిస్మం) పుస్తకం తల్లి విచారణలోనే ఉండిపోతుంది. గుంటూరు మేత్రాసనం, అంటే బిషప్పు కింద ఉండే ప్రాంతం, 1940లో ఏర్పడింది. అంతకుముందు అది నెల్లూరు కింద, 1928కి ముందు మద్రాసు కింద ఉండేది. 1917 నాటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం విచారణ గురువు ఏటేటా ఈ పుస్తకాల నకలు మేత్రాసన కార్యాలయానికి పంపాలి. అసలు పుస్తకం చెదలు తిన్నా నకలు ఉండే అవకాశం ఉంది. ఏ సంవత్సరానికి ఏ ఊరు కేంద్రమో చూసుకుని అక్కడ అడుగు.

గురువుగారికి ముందే ఉత్తరం రాయి. వెతికే పేరు, ఇంటిపేరు, ఊరు, పదేళ్లకు మించని వ్యవధి, దేనికోసమో అన్నీ ఒక్క పేజీలో ఉండాలి. ‘పాత పుస్తకాలన్నీ చూపించండి’ అంటే ఎవరూ చూపించరు. ఆదివారాలు, డిసెంబరు, ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం చివరి వారాలు, జులైలో కార్మెల్ మాత తిరునాళ్ల రోజులు వదిలెయ్యి. మంగళ బుధవారాల్లో పొద్దుటి పూజ అయ్యాక వెళ్లు. పెన్సిలే తీసుకెళ్లు, ఇంకు పెన్ను వద్దు. వేలు తడిచేసి పేజీ తిప్పకు. ఫొటోకి అనుమతి అడుగు, ఇచ్చినా ఫ్లాష్ వెయ్యకు. ఫొటోలో పేజీ మొత్తం, పైనున్న సంవత్సరంతో సహా రావాలి. ఒక్క వరసే తీసుకుంటే ఆర్నెల్ల తర్వాత అది ఏ ఏడాదిదో నీకే తెలియదు.

పాత నమోదులు లాటిన్‌లో ఉంటాయి. భయపడకు, పది పదాలు వస్తే చాలు. నాతుస్, నాతా అంటే పుట్టాడు, పుట్టింది. ఫీలియుస్, ఫీలియా కొడుకూ కూతురూ. పాత్రీని అంటే జ్ఞాన తల్లిదండ్రులు. ఉక్సోర్ భార్య, విదువా విధవ, ఓబియిత్ చనిపోయాడు, సెపుల్తుస్ సమాధి చేశారు. నెలల దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. 7 వేసి పక్కన బ్రిస్ అని ఉంటే అది జులై కాదు, సెప్టెంబరు. 8 బ్రిస్ అక్టోబరు, 9 బ్రిస్ నవంబరు, రోమన్ పది వేసి బ్రిస్ అంటే డిసెంబరు. పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ వేరువేరుగా రాసుకో. గురువు పల్లెకు ఎప్పుడో ఒకసారి వచ్చే రోజుల్లో ఒకే పూట పదిమంది పిల్లలకు స్నానం ఇచ్చేవారు. ఆ తేదీని పుట్టినరోజు అనుకుంటే తప్పు.

పేర్లు ఇంట్లో పిలిచినట్టు ఉండవు. పేత్రుస్ అంటే రాయప్ప, పౌలుస్ అంటే చిన్నప్ప, ఇగ్నాసియుస్ అంటే ఇన్నాసి లేక ఇన్నయ్య. జోసేఫుస్ జోజప్ప, జాకోబుస్ యాగప్ప, క్సవేరియుస్ శౌరి. అలోయిసియుస్ కనపడితే జ్ఞానప్రకాశం అయ్యుండొచ్చు. పైగా తండ్రి పేరు లాటిన్‌లో విభక్తితో మారి ‘పేత్రి’, ‘జోసేఫి’, ‘క్సవేరియి’ అని ఉంటుంది, అది వేరే మనిషి పేరు కాదు. ఇంటిపేరు విదేశీ గురువు చెవికి వినపడినట్టు రాశాడు. ట, త ఒకటే, ళ, ల ఒకటే. తాటిపర్తి అనే ఇంటిపేరును నాలుగు రకాలుగా రాసిన పేజీలు ఉంటాయి. అందుకని అక్షరం పోల్చవద్దు, పైకి చదివి శబ్దం పోల్చు.

పేరు కలిసిందని మనిషి కలిశాడనుకోకు. తాత పేరు మనవడికి పెడతారు. పసితనంలో పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకూ పెడతారు. తల్లి పేరు, ఊరు, జ్ఞాన తల్లిదండ్రులు, ఈ మూడింట్లో రెండైనా కలిస్తేనే ఒకే మనిషి అని రాయి. లేదంటే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి వదిలెయ్యి.

జ్ఞానస్నాన పుస్తకంలో అంచు చూడడం మరచిపోకు. 1908 ఈస్టరు నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం పెళ్లయ్యాక ఆ కబురు స్నానం ఇచ్చిన విచారణకు పంపి, పేరు పక్క అంచున రాయాలి. ఎవరితో, ఎక్కడ, ఏ తేదీన అన్నది అక్కడే ఉంటుంది. వేరే ఊరికి పెళ్లయిపోయిన ఆడపిల్లలను పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. పాట చాలాసార్లు అత్తారింటికి వెళ్లింది వాళ్లతోనే కాబట్టి ప్రతి ఆడపిల్ల అంచునూ చదువు.

పెళ్లి పుస్తకంలో మేనరికం దగ్గర ఆగు. రక్తసంబంధం ఉన్నవాళ్లకు అనుమతి ఇచ్చి పెళ్లి చేసినప్పుడు ‘కోన్సాంగ్వినితాతిస్’ అన్న మాట, దాని పక్కన డిగ్రీ, అంటే ఎంత దగ్గరి చుట్టమో చెప్పే అంకె, రాస్తారు. 1983 నవంబరుకు ముందు లెక్కలో రెండో డిగ్రీ అంటే మేనత్త మేనమామ బిడ్డలు. మూడో డిగ్రీ అంటే వాళ్ల బిడ్డలు. మొదటిదీ రెండోదీ కలిపి రాస్తే మేనమామా మేనకోడలూ. 1983 తిరుసభ చట్టంలో లెక్క మారింది, అదే మేనత్త మేనమామ బిడ్డల సంబంధం ఇప్పుడు నాలుగో డిగ్రీ. 1970 నాటి నమోదును ఇవాళ్టి లెక్కతో చదివితే ఒక తరం మొత్తం తప్పిపోతుంది. సరిగ్గా చదివితే మాత్రం ఆ ఒక్క మాటతో ఇద్దరి తాతో నాయనమ్మో ఒకరేనని తెలిసిపోతుంది. ఎవరూ చెప్పని చుట్టరికం చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. సాక్షుల పేర్లకు మాత్రం పొంగిపోకు. ఒకే సంతకం వరసగా ఇరవై పెళ్లిళ్లకు ఉందంటే అతను బంధువు కాదు, ఉపదేశి అయ్యుంటాడు. కానీ ఆ పేరు వేరే కాగితం మీద రాసిపెట్టు. పిల్లలకు జపాలు, పాటలు నేర్పింది ఉపదేశులే కనుక నీ చుక్కల గీతకు అతను పనికొస్తాడు. ఒకరి బిడ్డలకు ఒకరు జ్ఞానతండ్రులైన మేళగాళ్లు కూడా అలాగే పనికొస్తారు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. 1903లో పదో భక్తినాథ పాపుగారు (పోప్ పదో పయస్) ఇచ్చిన ఆజ్ఞలో గుడి గాయక బృందంలో స్త్రీలు ఉండకూడదని ఉంది. 1955 దాకా ఆ బిగువు సడలలేదు. అదే ఆజ్ఞ డప్పు, తాళాల వంటి గట్టి చప్పుడు వాద్యాలను గుడి లోపల వద్దంది. బ్యాండు మేళాన్ని ఊరేగింపుకే, అదీ మేత్రాణుల (బిషప్పు) అనుమతితోనే ఒప్పుకుంది. కాబట్టి పాత కాగితాల్లో పాటగత్తెల పేర్లు వెతికి ‘లేరు’ అనుకోవద్దు. తపస్కాలంలో పాడే యేసు శ్రమల పాటలు, జపమాల పాటలు ఇళ్లల్లో, వీధి సిలువమార్గంలో పాడింది వాళ్లే. వాళ్ల జాడ ముసలమ్మల నోటనే ఉంది. మేళగాళ్ల జాడ తిరునాళ్ల ఖర్చు పుస్తకంలో ఉంటుంది. మేళానికి ఎంత, దీపాలకు ఎంత అని రాసిన చోట ఊరు, పెద్దవాయిద్యగాడి పేరు దొరుకుతాయి.

ఇక ఇంట్లో ఉన్న చేతిరాత పాటల పుస్తకం. అది నీ చేతికి వస్తే వంద నమోదుల పెట్టు. మొదట అట్ట నుంచి అట్ట దాకా ప్రతి పేజీ ఫొటో తియ్యి, ఖాళీ పేజీలూ వదలకు. అంచుల్లో బాకీలు, పుట్టిన రోజులు రాసుకునే అలవాటు ఉండేది. తర్వాత రాత చూడు. అరసున్న, బండి ఱ సరిగ్గా వేసినవాడు పాతకాలపు బడిలో చదివినవాడు. కీరియే, తాంతుం ఎర్గో లాంటి లాటిన్ కాలపు గుడి పాటలు తెలుగు అక్షరాల్లో రాసి ఉంటే ఆ పేజీలు తెలుగు పూజకు ముందువి కావచ్చు. మాతృభాషకు దారి తెరిచిన వాటికన్ మహాసభ పత్రం 1963 డిసెంబరులో వచ్చింది. పాట తలమీద రాగం, తాళం ఉంటే రాగం తెలిసినవాడి దగ్గర నేర్చుకున్నారు. ‘వరస’ అని ఏదైనా సినిమా పాట పల్లవి రాసి ఉంటే ఆ సినిమా ఏడాది కన్నా ఆ పేజీ పాతది కాదు. ఆఖరి చరణంలో ముద్ర ఉందేమో చూడు. ఊరి పేరో, కట్టినవాడి పేరో అక్కడ దాగి ఉంటుంది.

రెండు ఇళ్లల్లో ఒకే పాట దొరికితే పక్కపక్కన పెట్టు. ఒప్పు కలవడంలో విశేషం లేదు, అది ఎక్కడి నుంచైనా రావచ్చు. తప్పు కలిస్తేనే విశేషం. రెండో చరణంలో ఒకే మాట రెండిట్లోనూ జారిపోయిందంటే ఒకటి రెండోదాన్ని చూసి రాసింది, లేదా ఇద్దరూ ఒకే గురువు దగ్గర విన్నారు. రెండు ఇళ్లు బంధువులు కాకపోయినా అక్కడ చుక్కల గీత గియ్యొచ్చు. పాట వంశానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

హార్మోనియం ఉంటే మూత తీసి లోపల చూపించుకో. అంగడి చీటీ, బాగుచేసినవాడు రీడ్ల పలక మీద పెన్సిల్‌తో వేసిన తేదీ ఉండొచ్చు. మెట్లు వేలితో తడిమి చూడు. వాడుక ఎక్కువైన మెట్లు నడుమ కాస్త గుంటపడి నునుపెక్కి ఉంటాయి. నాలుగున్నర, అయిదు శ్రుతుల (పాటకు ఆధారంగా పట్టే మెట్ల) దగ్గర అరిగితే దాంతో పాడింది ఆడగొంతో, పిల్లలో కావచ్చు. ఒకటి, ఒకటిన్నర దగ్గరైతే మగగొంతు. పాత సరుకు కొన్న పెట్టె అయితే ఆ అరుగుదల మనది కాదు, కొన్న సంగతి ముందు కనుక్కో.

పాటలు రికార్డు చేసేటప్పుడు ఫోను విమానం గుర్తులో పెట్టి, మూర దూరంలో, గుడ్డ మీద ఉంచు. ఫ్యాను ఆపు. మొదట పాడేవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించు. ఒకసారి వాయిద్యం లేకుండా, ఒకసారి వాయిద్యంతో. ఇద్దరిని కలిపి పాడిస్తే బలహీనమైన గొంతు బలమైనదాని వెంట పోతుంది, వరసలో తేడా వినపడదు. విడివిడిగా పాడించు.

సమాధుల తోటకు నవంబరు 2న వచ్చే సమాధుల పండగకు ముందే వెళ్లు, పండగకు సున్నం కొడితే అక్షరాలు పూడిపోతాయి. పొద్దున ఏటవాలు ఎండలో ఫొటో తియ్యి. నీళ్లు, మెత్తని బ్రష్ తప్ప మరేమీ వాడకు.

బడి రికార్డులో పేరు వేరే ఉంటే ఆశ్చర్యపోకు. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలను ప్రభుత్వం ఎస్సీ కింద కాక బీసీ-సి కింద లెక్కగడుతుంది. ఎస్సీ సౌకర్యాలు పోతాయన్న భయం వల్ల గుడిలో ఇన్నయ్యగా ఉన్న మనిషి బడిలో మరో పేరుతో ఉండొచ్చు. రెండు పేర్లూ నీ కార్డు మీద రాసుకో, పటంలోకి మాత్రం గుడి పేరే ఎక్కించు. బతికున్నవాళ్ల కులం, దత్తత, పెళ్లికి ముందు పుట్టిన బిడ్డల సంగతి ఎవరికీ పంపకు, నెట్‌లో అసలే పెట్టకు. వాళ్ల పొట్ట మీద కొట్టినట్టవుతుంది.

మనిషికొక కార్డు, మూడు అంగుళాలు అయిదు అంగుళాలది. పైన అంకె. ప్రతి సంగతి పక్కన ఒక అక్షరం: పుస్తకంలో చూస్తే పు, నోటిమాట అయితే నో, సమాధి రాయి అయితే రా. మేనరికాల వల్ల ఒకే మనిషి పటంలో రెండు చోట్ల వస్తాడు. రెండుసార్లు గియ్యకు, అంకె వేసి చూపించు. అయిదు తరాలకు పెద్ద చార్టు కాగితాలు నాలుగు అతికిస్తే సరిపోతాయి, ఇంకుతో గీసేది ఆఖరున.

ముందుగా మీ నాయనమ్మ చెల్లెలి దగ్గరికి వెళ్లు, ఈ నెలలోనే. ఆవిడకు శ్రమల పాటలు ఇంకా పూర్తిగా వచ్చు. పొద్దున పదింటికల్లా వెళితే గొంతు బాగుంటుంది. మొదటి కార్డు ఆవిడదే రాసి నాకు పంపు, చూసి చెబుతాను.

మీ
పెద్దనాన్న