చేనేతలో పనివాళ్లు నిజంగానే తగ్గిపోతున్నారా?

అవునండి, బాగానే తగ్గారు. దేశం మొత్తం మీద చేనేత లెక్కలు చూస్తే 1995-96లో 65 లక్షల మంది దాకా ఉన్నారు, 2009-10కి అది 43 లక్షలైంది, 2019-20 లెక్కల్లో 35 లక్షలే. ఇందులో నేసేవాళ్లతో పాటు దారం కండెలు చుట్టేవాళ్లు, ఆసు పోసేవాళ్లు (నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పేవాళ్లు) కూడా ఉన్నారు, మొత్తంలో 70 శాతం పైన ఆడవాళ్లే, కానీ చాలా ఇళ్లల్లో వాళ్ల పనికి విడిగా కూలీ ఉండదు, చీర కూలీలోనే కలిసిపోతుంది, నాకు అన్నిటికంటే అన్యాయం అనిపించేది ఇదే.

ఎందుకు తగ్గారంటే డిమాండ్ లేక మాత్రం కాదు. పోచంపల్లి డిజైన్‌ని మరమగ్గం మీదో ప్రింట్‌లోనో దించేసి తక్కువకి అమ్మేస్తుంటే అదే చీర రోజుల తరబడి నేసినవాళ్లకి రేటు ఎక్కడ గిట్టుతుంది చెప్పండి. కొన్ని రకాల బట్టలు చేనేత మగ్గం మీదే నేయాలని 1985లో చట్టం చేశారు, ఇప్పుడు ఆ లిస్టులో 11 రకాలే ఉన్నాయి, అమలు కూడా అంతంతమాత్రమే. పైగా నూలు, పట్టు రేట్లు. పిల్లలు హైదరాబాద్‌లో వేరే జాబ్ చూసుకుంటున్నారు, వాళ్లని తప్పుపట్టలేం.

మెషీన్ వస్తే పని పోతుందని అందరూ అంటారు గానీ ప్రతిసారీ అలా కాదు. చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రమే చూడండి, చేత్తో నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరలో అయిపోతుంది, ఆడవాళ్లకి భుజాల నొప్పి తప్పింది, మగ్గం మాత్రం ఆగలేదు. 2017లో ఆయనకి పద్మశ్రీ కూడా ఇచ్చారు.